విరిగిన బ్రేక్ లివర్, అబ్బా పానాల డబ్బా



ఈసారి కొంచెం మిస్త్రీ పని గురించి రాస్తున్నాను. మీ ఇంట్లో గేర్ల సైకిల్ నడిపే పిల్లలుంటే, ఇది చదవడం అయ్యాక లేచి వెళ్లి ఆ సైకిల్ రెండు బ్రేకులూ ఒకసారి నొక్కి చూడండి. నేను నాలుగు రోజులు ఆలస్యంగా చూశాను.

మేముండేది పాల్వంచలో. 2016లో జిల్లాలు విడగొట్టాక మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది కానీ, మా అబ్బాకు ఇప్పటికీ ఇది ఖమ్మం జిల్లానే. ఒకవైపు థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు, ఇంకోవైపు కిన్నెరసాని అడవి. మధ్యలో కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే పెద్ద రోడ్డు. ఆ రోడ్డు మీద సారపాక కాగితం మిల్లుకు కర్ర మోసుకెళ్లే లారీలు, బొగ్గు లారీలు, భద్రాచలం బస్సులు. మా చిన్నోడు బడికి పోవాలంటే రోజూ ఆ రోడ్డు దాటాలి.

ఒంటిపూట బడులు మొదలైన వారం అది. ఆదివారం ఫజర్ నమాజు చదివి వచ్చి పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తున్నాను. రోజూ గుమ్మం పక్కన ఉండే చిన్నోడి సైకిల్ ఆవేళ వంటింటి వెనక, కుడివైపు గోడకు ఆనించి ఉంది. పక్కకు జరుపుదామని హ్యాండిల్ పట్టుకుంటే కుడిచేతి వేళ్లకు బ్రేక్ అందలేదు. వంగి చూశాను. లివర్ విరిగిపోయి, బొటనవేలంత మొండి మాత్రం మిగిలింది. విరిగిన అంచు చేతికి గీసుకోకుండా దానికి వాళ్ల అమ్మీ పాత దుపట్టా పీలిక చుట్టి ఉంది.

వాణ్ణి లేపి అడిగితే, "స్కూల్లో ఎవరో సైకిల్ పడేశారు అబ్బా" అన్నాడు. జూట్ అని మొహం చూస్తేనే తెలుస్తోంది. "ఈ ఎండల్లో పొడుగు చేతుల చొక్కా ఎందుకురా?" అని చెయ్యి పట్టుకుని పైకి మడిచాను. మణికట్టు నుంచి మోచేయి దాకా చెక్కుకుపోయి పొక్కు కట్టి ఉంది.

అప్పుడు నిజం చెప్పాడు. బుధవారం మధ్యాహ్నం బడి వదిలాక దోస్తులతో కలిసి కిన్నెరసాని రోడ్డుకు పోయాడు. అక్కడ అడవిలోకి దిగే ఒక మట్టిబాట ఉంది. దిగుడులో వేగంగా వస్తూ మలుపులో ముందు బ్రేకు గట్టిగా నొక్కాడు. కంకర మీద చక్రం జారింది. వీడు ఒకవైపు, సైకిల్ ఒకవైపు. హ్యాండిల్ కుడి కొస రాయికి తగిలి లివర్ రెండు ముక్కలైంది. ఆ తర్వాత గురు, శుక్ర, శనివారాలు వెనక బ్రేకు ఒక్కదానితోనే ఆ లారీల రోడ్డు దాటి బడికి పోయి వచ్చాడు.

"ఇంకో బ్రేకు ఉంది కదా అబ్బా. అల్లా చూసుకుంటాడు" అన్నాడు మెల్లగా.

ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చెయ్యాలన్న మాట బయానుల్లో మనందరం విన్నదే. అది చెప్పే సబర్ నాకు ఆ నిమిషంలో లేదు. చెయ్యెత్తాను.

"చెయ్యి దించు" అన్నాడు అబ్బా, అరుగు మీది మంచంలోంచి. "మారితే లివర్ అతుక్కుంటదా? ముందు సైకిల్ ఇటు తీసుకురా."

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మా అబ్బా ఖమ్మంలో కమాన్ బజార్ దగ్గర ఒక సందులో ముప్పై ఏళ్లకు పైగా సైకిల్ దుకాణం నడిపాడు. పంచర్లు, ఓవర్‌హాలింగ్, గంటకు అర్ధరూపాయి కిరాయి సైకిళ్లు. ముగ్గురు చెల్లెళ్ల షాదీలు, నా చదువు, అన్నీ ఆ గ్రీజు చేతుల మీదే అయ్యాయి. ఇప్పుడు ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్లు. రెండు చేతులూ వణుకుతాయి. చాయ్ గ్లాసు కూడా సగమే నింపి ఇస్తాం.

అలాంటి మనిషి కొడుకును నేను. నాకు సైకిల్ చైను ఎక్కించడం కూడా సరిగా రాదు. దుకాణంలో పానా ముట్టుకుంటే అబ్బా వేళ్ల మీద కొట్టేవాడు. "నీ చేతులకు సియాహీ అంటాలి, గ్రీజు కాదు" అనేవాడు. అలాగే చదివాను. సర్కారీ బడిలో పంతులునయ్యాను. అబ్బా ఖుషీ అయ్యాడు. నేను మాత్రం అబ్బా పనిని చిన్నచూపు చూడటం కూడా ఎక్కడో నేర్చుకున్నాను. దాని గురించి చివర చెబుతాను.

ఆరోజు నాకు జిద్దు వచ్చింది. మిస్త్రీ కొడుకుని, ఒక లివర్ మార్చలేనా అనుకున్నాను. పక్క వీధిలోని కొట్టుకు పోయి, అరవై రూపాయలకు దొరికిన లివర్ ఒకటి తెచ్చాను. మామూలు సైకిళ్లకు వేసేది. మధ్యాహ్నం దాకా చెమటలు కక్కుతూ బిగించాను. చూడటానికి బాగానే ఉంది. అబ్బా మంచం మీదనుంచే, "నొక్కు" అన్నాడు. నొక్కాను. మెత్తగా, దూదిని నొక్కినట్టు లోపలికి వచ్చేసి హ్యాండిల్‌కు తగిలింది. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది.

అబ్బా నవ్వాడు. మనవణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, పాత లివర్ మొండి ఒక చేతిలో, నేను తెచ్చిన కొత్తది ఇంకో చేతిలో పెట్టాడు.

"లివర్ పిన్ను ఎక్కడుంది? వైరు గుండు కూర్చునే గుంట ఎక్కడుంది? ఆ రెండిటి నడుమ దూరం చూడు బేటా."

పాత దాంట్లో ఆ దూరం ఎక్కువ. నేను తెచ్చిన దాంట్లో తక్కువ. తేడా అంతా అక్కడే ఉంది. మనవైపు మిస్త్రీలు పవర్ బ్రేక్ అనే దాని అసలు పేరు వి-బ్రేక్. 1996లో జపాన్ షిమానో కంపెనీ ఆ పేరుతో బజారులోకి తెచ్చింది. రిమ్ముకు రెండు పక్కలా పొడుగాటి చేతులుంటాయి. ఆ చేతులు దగ్గరకు రావాలంటే వైరు ఎక్కువ పొడవు కదలాలి. గుంటకూ పిన్నుకూ దూరం ఎక్కువుంటే లివర్ నొక్కినప్పుడు వైరు ఎక్కువ లాగుతుంది. దూరం తక్కువుంటే తక్కువ లాగుతుంది. అప్పుడు రబ్బర్లు రిమ్మును సరిగా పట్టకముందే లివర్ హ్యాండిల్‌కు వచ్చి తగులుతుంది. రబ్బర్లను బాగా దగ్గరకు జరిపి ఎలాగో పని చేయించినా, ఒక్కసారిగా పట్టేసి మనిషిని ముందుకు తోసే ప్రమాదముంది.

"మరి వెనక బ్రేకు బాగానే ఉంది కదా దాదా?" అని అడిగాడు వీడు. జవాబు కోసం కాదు, తన తప్పు కొంచెం తగ్గుతుందేమోనని.

"ఆపినప్పుడు నీ వజన్ ఎటు పోతది?"

"ముందుకు."

"అప్పుడు వెనక చక్రం తేలికైపోతది. తేలికైన చక్రాన్ని పట్టుకుంటే ఆగదు, జారుతది. సైకిల్‌ను నిజంగా ఆపేది ముందు బ్రేకే. నువ్వు అది లేకుండా లారీల ముందు తిరిగినవ్. ఇంకోటి, మలుపులో కంకర మీద అదే ముందు బ్రేకును గట్టిగా పట్టినవ్, అందుకే పడ్డవ్. మలుపుకు ముందే నెమ్మది చేసుకోవాలె. మలుపులో బ్రేకు ముట్టొద్దు."

నేను అరిచి చెప్పాల్సినదంతా ఆయన అరవకుండా చెప్పేశాడు. వాడు తల వంచుకుని విన్నాడు.

మర్నాడు బడి అయ్యాక కొత్తగూడెం పోయాను. అక్కడి రైల్వే స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. భద్రాచలానికి రైలు లేదు కాబట్టి యాత్రికులంతా అక్కడ దిగి బస్సెక్కుతారు. ఆ దారిలో ఒక సైకిల్ దుకాణంలో పవర్ బ్రేక్ లివర్లు దొరికాయి. జత మూడు వందల యాభై. వైరు, దాని పైకవరు వేరే. అబ్బా చీటీ మీద రాయించిన సవాళ్లు అడిగాను: పవర్ బ్రేకుదేనా? మందం 22.2 మిల్లీమీటర్ల హ్యాండిల్‌కు పడుతుందా? వైరు గుండు అడ్డంగా, చిన్న పీపాలాగా ఉందా? దుకాణం కుర్రవాడు నన్ను ఎగాదిగా చూసి, "సార్ మీరు మిస్త్రీయా?" అన్నాడు. "మిస్త్రీ కొడుకుని" అన్నాను. నలభై ఐదేళ్ల వయసులో ఆ మాట నోటితో అనడం అదే మొదటిసారి.

అసర్ తర్వాత అరుగు మీద పని మొదలైంది. మంచం కిందనుంచి రేకు డబ్బా బయటకు తీశాం. అబ్బా పానాలు, పేచ్‌కస్‌లు, ప్లాసు, అరిగిపోయిన ఆకురాయి. దుకాణం మూసిన రోజు అన్నీ అమ్మేసి ఈ డబ్బా ఒక్కటి ఉంచుకున్నాడు. అలెన్ కీలు మాత్రం ఈ మధ్యవి, నేను కొన్నవి. పని చేసింది చిన్నోడు. చెప్పింది దాదా. టార్చి పట్టుకున్నది నేను.

చెయ్యాలనుకునేవాళ్లకు పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

ముందు బ్రేకు చేతుల దగ్గర వైరు వచ్చే వంకర గొట్టం ఉంటుంది. రెండు చేతులనూ రిమ్ము వైపు నొక్కి పట్టుకుని, ఆ గొట్టాన్ని దాని కొక్కెం నుంచి తప్పిస్తే వైరు వదులవుతుంది. తర్వాత లివర్ దగ్గర వైరు బిగువు సరిచేసే చిన్న మర, దాని వెనక చక్రంలాంటి నట్టు ఉంటాయి. రెండింటికీ ఒక్కో గాడి ఉంటుంది. వాటిని తిప్పి, లివర్ గాడికి ఎదురుగా మూడు గాడులూ ఒకే వరసలోకి తెస్తే వైరు పక్కకు జారి వస్తుంది. గుండును గుంటలోంచి తీసేయొచ్చు. లాగి పీకే పని లేదు.

లివర్ బయటకు రావాలంటే హ్యాండిల్ గ్రిప్పు తియ్యాలి. సన్నటి పేచ్‌కస్‌ను గ్రిప్పు కిందకు దూర్చి సబ్బు నీళ్లు రెండు చుక్కలు పోసి మెలితిప్పితే జారుతుంది. మా వాడు నూనె సీసా తెచ్చాడు. "నక్కో!" అన్నాడు అబ్బా. "నీళ్లు ఆరిపోతయ్, నూనె ఆరదు. రేపు దిగుడులో గ్రిప్పు చేతిలో ఊడొస్తది." గేరు మార్చే పెట్టెను వదులు చేసి జరిపి, 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో లివర్ పట్టీ బోల్టు విప్పితే పాతది బయటకు వచ్చింది.

పాత వైరు తుడిచి చూస్తే గుండు దగ్గర ఒక పోగు తెగి ఉంది. అది కూడా తీసేసి కొత్తది వేశాం. కొత్త లివర్ ఎక్కించాక వాణ్ణి సీటు మీద కూర్చోబెట్టి చెయ్యి చాపమన్నాడు. ముంజేయి, వేళ్లు, లివర్ ఒకే వాలులో ఉండాలట. మణికట్టు పైకో కిందకో వంగితే దిగుడులో నొప్పి పుడుతుంది. వైరును కింద బోల్టుకు బిగించాక లివర్‌ను పదిసార్లు గట్టిగా నొక్కించాడు. "ఇంట్లో జారితే మంచిదే, రోడ్డు మీద జారొద్దు." నిజంగానే కొంచెం జారింది. మళ్లీ లాగి బిగించాం. రబ్బర్లు రిమ్ముకు తగలాలి, టైరుకు తగలకూడదు. లివర్ పూర్తిగా నొక్కినప్పుడు హ్యాండిల్‌కూ దానికీ మధ్య రెండు వేళ్ల సందు మిగలాలి.

చివరగా లివర్ పట్టీ బోల్టు. మా వాడు పళ్లు బిగబట్టి తాకత్ అంతా పెట్టి తిప్పుతున్నాడు. అబ్బా వణికే చెయ్యి వాడి చేతి మీద వేశాడు.

"బస్ బేటా. ఇక్కడే అందరూ తప్పు చేస్తరు. చూడు, పాత పట్టీ హ్యాండిల్‌ను కొరికిన గుర్తు. దాన్ని ఎవరో కదలకుండా బిగించేసిండ్రు. అందుకే రాయికి తగిలినప్పుడు పక్కకు తిరగలేక విరిగింది. బ్రేకు నొక్కినప్పుడు కదలొద్దు. కిందపడ్డప్పుడు తిరగాలె. గుప్పిటతో గట్టిగా తోస్తే జర కదిలేంత బిగువు చాలు. పడ్డవనుకో, లివర్ తిరిగిపోతది. చేత్తో సరిచేసుకుని ఇంటికి రావొచ్చు. విరిగితే ఎట్లొస్తవ్?"

వాడు బోల్టు పావు చుట్టు వదులు చేశాడు.

టార్చి పట్టుకుని నిలబడ్డ నాకు, వాడు నాలుగు రోజులు ఎందుకు దాచాడో అప్పుడు అర్థమైంది. మా ఇంట్లో పరీక్షలో మార్కులు తగ్గినా, గ్లాసు పగిలినా, నేను ముందు చెయ్యెత్తుతాను, తర్వాత అడుగుతాను. పిల్లవాడు పడ్డప్పుడు తిరిగి వచ్చేంత సందు నేను ఉంచలేదు. లారీ కింద పడటం కంటే నాకు తెలియడమే వాడికి ఎక్కువ ఖతరాగా కనిపించింది. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. కానీ మన ఇళ్లలో ఇది నా ఒక్కడి సంగతి కాదని అనుకుంటున్నాను.

ముందు ఇంటి ముందే సైకిల్‌ను నడిపించుకుంటూ బ్రేకు నొక్కి చూశాం. ముందు చక్రం టక్కున ఆగి వెనక చక్రం లేచింది. తర్వాత మెల్లగా తొక్కాడు, ఆపాడు. మరుసటి రోజు సాయంత్రం అబ్బాను స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని వాడి వెనకే కిన్నెరసాని రోడ్డుకు పోయాను. ఇప్పపూలు రాలే కాలం. టేకు చెట్లు ఆకులు రాల్చి బోసిగా ఉన్నాయి. ఆ తియ్యటి, మత్తు వాసన రోడ్డు దాకా వస్తోంది. వాడు పడ్డ మలుపు చూపించాడు. ఈసారి మలుపుకు చాలా ముందే రెండు బ్రేకులూ కొంచెం కొంచెంగా పట్టి, నెమ్మదిగా తిరిగాడు.

అక్కడే ఒక కోయ పెద్దమనిషి పాత నల్ల సైకిల్ మీద ఇప్పపూల బస్తా కట్టుకుని తోసుకుంటూ వస్తున్నాడు. వైర్లు లేని సైకిల్, ఇనుప కడ్డీల బ్రేకులు. దాని లివర్ వంగిపోయి ఉంది. అబ్బా స్కూటర్ ఆపమన్నాడు. "ఆగు భాయ్, జర చూస్తా" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి కదా, ప్లాసు మనవడి చేతికిచ్చాడు. వాడు పట్టుకుని, దాదా చెప్పినట్టు కొంచెం కొంచెంగా వంచితే లివర్ దారికొచ్చింది. ఆయన రెండుసార్లు నొక్కి చూసుకుని, "బాగైంది తాతా" అని నవ్వి వెళ్లిపోయాడు.

"మరి నాది కూడా వంచితే సరిపోయేది కదా, విరగకపోతే?" అన్నాడు వీడు.

"అది లోహా. వంగుతది, మళ్లీ వస్తది. నీది అల్యూమినియం పోత. వంగినా మళ్లీ సాపు చేయొద్దు. లోపల పగులు పడి ఉంటది, కంటికి కనబడదు. ఎప్పుడో ఒకనాడు చేతిలోనే ఊడుతది. వంగితే పారేసి కొత్తది వెయ్యి."

ఇది మీరు కూడా యాద్ పెట్టుకోండి. వంగిన అల్యూమినియం లివర్‌ను కొట్టి సరిచేసి పిల్లలకు ఇవ్వకండి. మూడు వందల యాభై రూపాయల దగ్గర పిసినారితనం వద్దు.

ఇక చివర చెబుతానన్న సంగతి.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక సాయంత్రం కాలేజీ దోస్తులతో కమాన్ బజార్‌లో నడిచొస్తున్నాను. దుకాణం ముందు అబ్బా ఉక్కిడు కూర్చుని ఎవరిదో ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. నేను చూడనట్టు రోడ్డు అవతలి పక్కకు దాటి వెళ్లిపోయాను. ఆ రాత్రి ఇంట్లో అబ్బా ఏమీ అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. చిన్నోడు లివర్‌కు చుట్టిన పీలికలాంటిది నేను ఇన్నేళ్లుగా చుట్టుకుని తిరుగుతున్నాను.

కిన్నెరసాని నుంచి వచ్చిన రాత్రి ఇషా అయ్యాక అబ్బా మంచం పక్కన కూర్చున్నాను. కాళ్లు నొక్కుతూ ఆ సాయంత్రం సంగతి ఎత్తాను. మాఫ్ చెయ్యమని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"నువ్వు నేర్చుకుంటే ఆ దుకాణంలోనే ఉండిపోతవని డర్ ఉండె నాకు" అన్నాడు. "అందుకే ముట్టనియ్యలే. నువ్వు అటు దాటి పోయినప్పుడు, పోనీ, వీడు ఇక్కడ ఆగడు అనుకున్న."

ఏం చెప్పాలో తెలియక అలాగే నొక్కుతూ కూర్చున్నాను. లోపల చిన్నోడు పానాల డబ్బాను తన మంచం కిందకు జరుపుకుంటున్న చప్పుడు వినిపించింది. అబ్బా కూడా విన్నాడు. వద్దనలేదు.

కాసేపటికి కళ్లు మూసుకునే అన్నాడు: "కొత్త వైరు కదా, రెండు మూడు రోజులకు బ్రేకు జర వదులవుతది. శుక్రవారం జుమా అయినంక వాడితోటి మళ్లీ బిగించాలె. నువ్వు కూడా కూర్చో. టార్చి పట్టుకోవడం కాదు, నేర్చుకో."

జుమా అయ్యాక కూర్చున్నాను. వైరు బిగించింది నేనే.